గరుకు వైపు

మా నాయన అరచెయ్యి పెట్టి "సాపు" అన్న పలకను మార్కాపురంలో ఇంకెవరూ మళ్లీ రుద్దేవాళ్లు కాదు. పలకల కార్ఖానాలో ఆయన పని అదే. ఇసుకా నీళ్లూ చల్లి రాతితో రుద్దిన పలకలను ఆడవాళ్లు తెచ్చి ఆయన ముందు పేర్చేవాళ్లు. ఆయన కళ్లు ఎటో చూస్తూ ఉండేవి. చెయ్యి మాత్రం పలక మీద ఒక్కసారి ఆ చివర నుంచి ఈ చివరకు జారేది. "ఈ మూల వెంట్రుకంత లేచింది, ఇంకోసారి పట్టుకుపో" అనేవాడు. లేచే ఉండేది.

చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని పలకల మీద పెట్టించేవాడు. "తెలుస్తాందా గిద్యోనూ?" అని అడిగేవాడు. నాకు చల్లదనం తప్ప ఏమీ తెలిసేది కాదు. తెలిసిందనేవాణ్ణి. ఆయన నమ్మేవాడు. ఆ నమ్మకం మీద నాకు ఎంత కోపం వచ్చేదో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

మా నాయన దేవదానం చెయ్యి కార్ఖానాకు పనికిరాకుండా పోయింది ఒక్క ఎండాకాలంలో. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. యుద్ధం రోజుల్లో రైలు షెడ్డులో అదనంగా తీసుకున్న మనుషులందరినీ ఇంటికి పంపేశారు. ఇనుమును తిప్పి కోసే లేతు యంత్రం మీద ఆరేళ్లు పనిచేసిన నేను కూడా అందులో ఉన్నాను. ఇంటికి వచ్చి నెల తిరగకముందే కార్ఖానా మేస్త్రీ కబురు పంపాడు, దేవదానం కొడుక్కి పలకలు రుద్దే పని ఇస్తానని. సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చేవాళ్ల కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి ఉంటుంది. ఆ పొడి నా కళ్ల మీద పడకూడదని, నాయన పక్కన కూర్చోకూడదని, సొంతానికి ఒక లేతు కొనుక్కుని ఇంట్లోనే పని పెట్టుకుందామని నిశ్చయించుకున్నాను.

దొనకొండ అవతల మిలిటరీ క్యాంపు ఎత్తేస్తూ సామానంతా వేలం వేస్తున్నారని విన్నాను. షెడ్డులో నా పక్క మిషను మీద పనిచేసిన గౌస్ మొహిద్దీన్‌ను తోడు రమ్మన్నాను. అతని ఉద్యోగం పోలేదు, గిద్దలూరుకు మార్చారంతే. సెలవు పెట్టి వచ్చాడు, జేబులో ఉక్కు స్కేలు పెట్టుకుని.

లేతు ఒక్కటే ఉంది. గుడారం గుడ్డ కింద, తుప్పు పట్టి, ఒక పక్కకు ఒరిగి. గౌస్ గొంతుక్కూర్చుని బెడ్డు మీద స్కేలును అంచు మీద నిలబెట్టాడు. బెడ్డు అంటే లేతుకు వెన్నెముక. ఇనుమును కోసే పనిముట్టు దాని మీదనే అటూ ఇటూ జరుగుతుంది. అది ఎంత సాపుగా ఉంటే కోసిన కడ్డీ అంత సమంగా వస్తుంది.

"ఈ పక్కకు వచ్చి చూడు భాయ్" అన్నాడు.

వంగి చూశాను. బెడ్డు కొస వైపు స్కేలు కింద చీకటిగా ఉంది. కడ్డీని పట్టి తిప్పే చక్కు ఉండే వైపుకు వచ్చేసరికి స్కేలు కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది.

"చక్కు పక్కనే పెట్టి ఏండ్ల తరబడి బోల్టులు కోసినారు. జానెడు మేర తినేసింది. కొస పక్క చూడు, చేసినోళ్లు నూనె నిలవడానికి గీకిన గీతలు అట్లనే ఉండాయి. నిన్న గీకినట్టు. ఆడికి పనే పోలేదు." గౌస్ స్కేలు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పొట్టి పని చేస్తే చెల్లిపోతది. పొడుగు కడ్డీ పెట్టినావంటే ఒక పక్క లావు, ఒక పక్క సన్నం."

"తెలుసు."

"తెలిస్తే ఇంకేంది? పా, స్టేషన్లో టీ తాగి రైలెక్కుదాం."

తెలుసు. అదే చెప్పాలని ఇదంతా రాస్తున్నాను. నాకు ఆ పూటే తెలుసు.

కానీ ముందటి ఆదివారం మా సంఘం గుడిలో పాస్టరు సంజీవరావు అయ్యగారు నా లేతు కోసం ప్రార్థన చేయించారు. నాయన మేకల కొట్టం ఖాళీ చేసి, నేల తవ్వి, రాళ్లు పరిచి దిమ్మె కట్టాడు. కార్ఖానాలో ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు. వేలంలో నా పక్కన నిలబడిన పొదిలి కంట్రాక్టరు ఒకాయన నా వైపు తేరిపార చూసి, తన మనుషులతో అన్నాడు: "మిషనోళ్లకు మిషను కావల్సొచ్చిందంట. ప్రార్థన చేస్తే తిరుగుతాదేమో." వాళ్లు నవ్వారు. పాట పెంచుతూ నా చెయ్యి లేచింది.

ఆ నవ్వుకు రోషం వచ్చి చెయ్యి లేచిందని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఒట్టి చేతులతో ఇంటికి పోతే నాయన దిమ్మె పక్కన నిలబడి "ఏమైందిరా?" అంటాడు. "బాగాలేదు, చూసి వదిలేసినాను" అని నేను చెప్పాలి. ఆయన తల ఊపి, "మంచిదే, నీకు తెలుస్తది గదా" అంటాడు. ఆ మాట వినలేక కొన్నాను. పనిలోంచి తీసేసినప్పుడు చేతికి ఇచ్చినదంతా అక్కడే అయిపోయింది.

గౌస్ రైలెక్కేముందు నా భుజం పట్టుకున్నాడు. "సరే, కొన్నావు. ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పు. బెజవాడలో బెడ్డుకు రందా పట్టించి సమం చేయించేదాకా పొడుగు పని ఒప్పుకోవద్దు. మొదట గిద్దలూరు వచ్చి బెల్టు, టూళ్లు పట్టుకుపో. నేను చూసి పెడతా."

తల ఊపాను.

స్టేషను నుంచి ఎద్దులబండి మీద లేతు మా పేటకు వచ్చిన రోజు పండగలాగే ఉంది. ఎనిమిది మంది వాసాలు వేసి దింపారు. నా భార్య ఎలీషబా వాకిట్లో నీళ్లు చల్లి, వచ్చినవాళ్లందరికీ అంబలి పోసింది. నాయన మాత్రం జనం తగ్గేదాకా దూరంగా నిలబడి, అందరూ పోయినాక దగ్గరికి వచ్చాడు. తువ్వాలతో చెయ్యి తుడుచుకున్నాడు. బెడ్డు మీద పెట్టాడు. చక్కు వైపు నుంచి మొదలుపెట్టి కొసదాకా జరిపాడు. కళ్లు ఎటో చూస్తున్నాయి.

ఆ చెయ్యి నన్ను పట్టేస్తుందనుకున్నాను. కానీ ఆయన చేతికి పలకలు తెలుసు, ఇనుము తెలియదు. ఎంత అరిగిందో కొలవడానికి అరగని చోటు ఏదో తెలియాలి. ఆయనకు నునుపే సరి, గరుకే తప్పు.

"ఈ పక్క అద్దం మాదిరి ఉండాది" అన్నాడు. "ఆ పక్కకు పోయేకొద్దీ ఏందిరా ఇంత గరుకు? ఎవుడో మేకుతో గీకినట్టుండాది."

"అది అట్లనే ఉంటది నాయనా."

"ఎందుకట్ల?"

ఎందుకో చెప్పాలంటే గీతల సంగతి చెప్పాలి. గీతలు కొసన ఉండి చక్కు దగ్గర ఎందుకు లేవో చెప్పాలి. "అదంతే" అన్నాను. గొంతు కసిరినట్టు వచ్చింది. ఎలీషబా తలెత్తి చూసింది. నాయన మాత్రం పెద్ద పని తెలిసిన కొడుకు ముందు ఎక్కువ అడిగినందుకు తప్పు తనదే అన్నట్టు నవ్వాడు.

మర్నాడు గిద్దలూరు పోయాను. గౌస్ ఇంట్లో మూడు రోజులున్నాను. అతని తల్లి ఖాతూన్బీ జొన్నరొట్టె పెడుతూ, "లేతు ఎట్లుంది బేటా?" అంటే గౌస్ నా ముఖం వైపు చూసి, "మరమ్మతు ఉంది అమ్మీ, చేయించుకుంటాడు" అన్నాడు. బెల్టు, నాలుగు టూళ్లు మూటకట్టి ఇచ్చాడు. "చెప్పినావా ఇంట్లో?" అని మళ్లీ అడిగాడు. "పోయినాక చెప్తా" అన్నాను.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. కొట్టం ముందు మట్టి తడిసి ఉంది. ఎలీషబా చెరుగుతున్న చేట పక్కన పెట్టి, "మామ మూడు దినాలు కార్ఖానాకు పోలేదు" అంది. "నువ్వొచ్చేలోపల అయిపోవాలని అన్నం కూడ ఆడికే తెమ్మన్నాడు."

నాయన కొట్టంలోంచి బయటికి వచ్చాడు. మోచేతుల దాకా బూడిదరంగు నీళ్లు కారుతున్నాయి. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

తుప్పు చుక్క లేదు. బెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్లు నింపిన తొట్టిలా మెరుస్తోంది. పలక రాయితో, మెత్తటి ఇసుకతో, మూడు రోజులు రుద్దాడు. కొస వైపు గీతలు ఒక్కటి కూడా మిగల్లేదు.

"నువ్వు సిగ్గుపడి చెప్పల్యా, నాకర్థమైంది" అన్నాడు. "గరుకు మిషను కొన్నాననుకుంటాడేమో నాయన అని. దానికేముంది? మన పనే గదరా అది. పెట్టి చూడు చెయ్యి."

ఆ క్షణం నాలో ఏం జరిగిందో ఎన్నోసార్లు విప్పి చూసుకున్నాను. మొదట కోపం వచ్చి, తర్వాత జాలి వచ్చి, ఆ తర్వాత నేను మౌనంగా ఉండిపోయి ఉంటే ఆ మౌనానికి ఏదో ఒక మర్యాద ఉండేది. అట్లా జరగలేదు. మొదట వచ్చింది ఊరట. గీతలు పోయాయి. చక్కు దగ్గర అరిగిందని చూపించే సాక్ష్యం అవే. ఇప్పుడు ఈ బెడ్డు ఎక్కడ, ఎవరి వల్ల పాడైందో ఎవరూ చెప్పలేరు. నా ఒళ్లంతా చల్లబడింది, జ్వరం దిగినట్టు.

ఊరట వెనకాల ఇంకొకటి ఉంది. దాన్ని చూడటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ చెయ్యి ఒక్కసారి తప్పు చేయాలని నాలో ఎవరో చిన్నప్పటి నుంచీ కాచుకుని కూర్చున్నారు.

చెయ్యి పెట్టాను. "సాపు" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది.

కొట్టం ఇరుకు. కరెంటు మా పేటకే కాదు, మా ఊరికే ఇంకా రాలేదు. అందుకని గోడకు కన్నం పెట్టి, అవతల పందిరి కింద పాత బండిచక్రం ఒకటి నిలబెట్టి, దానికి పిడి బిగించి, గోడ కన్నంలోంచి బెల్టు వేశాను. అవతల మనిషి చక్రం తిప్పితే ఇవతల చక్కు తిరుగుతుంది. పగలు ఎలీషబా తిప్పేది, సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చి నాయన తిప్పేవాడు. తిప్పే మనిషికి లేతు కనబడదు. నేను గోడ మీద కొట్టి "ఆపు" అంటే ఆపాలి, "ఊ" అంటే తిప్పాలి.

మొదట పొట్టి పనులే వచ్చాయి. బండి ఇరుసు చీలలు, బావి గిలకల బుష్షులు. అన్నీ కుదిరాయి. పేటలో నా నడక మారిందని ఎలీషబా వెక్కిరించింది. కృత్తిక ఎండలు ముదిరాక మాల్యాద్రి పని వచ్చింది.

మాల్యాద్రికి యర్రగొండపాలెం దారిలో వేరుశనగ చేలు, బావిమీద ఆయిలింజనూ ఉన్నాయి. పంపు కడ్డీ విరిగింది. మూడడుగుల కడ్డీ. పేటలోకి ఆయన రాడు. వీధి చివర బండి ఆపి, కూర్చున్నచోటి నుంచే కేకేశాడు.

"ఏమిరా గిద్యోనూ, నీది ఆటబొమ్మనా, పని చేస్తదా?"

"చేస్తది అయ్యా."

"ఇది కుదిరిందంటే ఇంజన్ల పని అంతా నీకే. నాదే కాదు, రాచర్లలో మా బావమరిది వాళ్లది కూడ. కుదరల్యా, నంద్యాల పోతాది. మళ్లీ ఈ తట్టు తిరిగి చూడను. నీళ్లు ఆగితే తోట ఎండుతాది, నాకు నాలుగు దినాలే ఉండాది."

"పొడుగు పని ఒప్పుకోవద్దు" అన్న మాట చెవిలో ఉంది. నాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. "కుదురుతాదయ్యా" అన్నాడు నాకంటే ముందు. "మా వాడు ఆరేండ్లు రైలింజన్లకు చేసినాడు."

మూడు రోజులు కోశాను. చక్కు వైపుకు వచ్చేసరికి కడ్డీ లావెక్కుతుందని తెలుసు. అక్కడ టూలును వెంట్రుకంత లోపలికి జరిపి, కొలిచి, మళ్లీ జరిపి, చేత్తో ఆ లోటును పూడ్చాలని చూశాను. కొందరు పనివాళ్లకు అది చేతనవుతుంది. నాకు చేతకాలేదు. గోడ అవతల చక్రం తిప్పుతూ ఎలీషబా చేతులకు బొబ్బలు వచ్చాయి. "ఇంకెంతసేపయ్యా?" అని అడిగి, తనే "సరేలే, కానీ" అనేది.

నాలుగో రోజు మాల్యాద్రి ఆ కడ్డీకి ఎక్కించాల్సిన పుల్లీ చక్రాన్ని బండిలో పెట్టుకుని వచ్చాడు. కడ్డీని వీధి చివరకు మోసుకుపోయాం. ఆయన పాలేరు పుల్లీ ఎక్కించాడు. సన్నటి కొస నుంచి బాగానే జారింది. జానెడు దూరం ఉందనగా ఆగిపోయింది. పాలేరు అరచేత్తో కొట్టాడు. రాయి తీసుకుని కొట్టాడు. కదల్లేదు.

మాల్యాద్రి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఒక పక్క మొలకు, ఒక పక్క మెడకు కుట్టినట్టుందే" అన్నాడు. పాలేరు నవ్వాడు. "బండి తిప్పురా, నంద్యాల పోదాం." కడ్డీని మా ముందు దుమ్ములో పడేసి పోయారు.

వీధిలో గడపల దగ్గర నిలబడినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయారు. నాయన కడ్డీని భుజాన వేసుకుని తెచ్చాడు. కొట్టంలో నేల మీద పెట్టి, దాని మీద చెయ్యి జరిపాడు. తర్వాత లేచి బెడ్డు మీద జరిపాడు. ఈసారి కళ్లు ఎటో చూడలేదు. చేతినే చూస్తున్నాయి.

"నేను రుద్దినందుకేనా రా?"

నేను టూలు తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.

"చెప్పరా. నేను రుద్దినందుకేనా?"

"బెడ్డును రుద్దకూడదు నాయనా" అన్నాను.

అది నిజం. ఏ లేతు పనివాణ్ణి అడిగినా అదే చెప్తాడు. నా జీవితంలో నేను పలికిన నిజాల్లో నాకు అంతగా పనికొచ్చింది ఇంకొకటి లేదు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొయ్యి మీద పెట్టి తీసుకున్నట్టు తీసుకున్నాడు. "ఆ పొద్దు సాపు అన్నావు గదరా" అన్నాడు మెల్లగా. తర్వాత తానే, "నా మనసు నొప్పియ్యకూడదని అన్నావు" అని జవాబు కూడా చెప్పుకున్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కోపం చల్లారినాక చెబుదామనుకున్నాను. ఎవరి కోపం? ఆయనకు కోపం లేదు, నాకూ లేదు. ఎట్లా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ పడుకునేవాణ్ణి. పొద్దున్నే ఆయన నాకంటే ముందు లేచి నా ముఖం వైపు చూడకుండా నీళ్లు తెచ్చి పెట్టేవాడు. ఆ తలొంచుకోవడం చూస్తే మాటలు చెదిరిపోయేవి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ తలొంచుకోవడం ఇంకొక్క రోజు చూడాలనిపించేది.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ముందురోజు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక ఉంటుంది. ఎవరికి ఎవరితో ఏ తగువున్నా, ఎవరు ఎవరికి ఏ కీడు చేసి ఉన్నా ఆ కూడికలో లేచి చెప్పుకుని సమాధానపడాలి. పడకపోతే మర్నాడు రొట్టె ముట్టరాదు. మామూలుగా ఆడవాళ్లు బావి దగ్గర జగడాలు చెప్పుకుంటారు, మేకలు చేలో పడిన సంగతులు చెప్పుకుంటారు. రెండు నిమిషాల్లో తేలిపోతాయి.

జూన్ నెల కూడికలో సంజీవరావు అయ్యగారు "ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, లాంతరు వత్తి పెంచారు. చాప మీద నా పక్కన కూర్చున్న నాయన లేచాడు.

"నేను నా కొడుకు బతుకు చెడగొట్టినాను" అన్నాడు.

గుడిలో గాలి విసురుకుంటున్న చేతులు ఆగాయి.

"దేవుడు వానికి మిషను ఇచ్చినాడు. మీరంతా ప్రార్థన చేసినారు. నాకు తెలియని పనిలో చెయ్యి పెట్టి, నాకు తెలుసనుకుని రుద్దినాను. గర్వం అయ్యగారూ. నా చెయ్యి అంటే మార్కాపురం అంతా నమ్ముతాదని గర్వం. వాడు ఒక్క మాట అనల్యా నన్ను. అనింటే ఇంత బాధ ఉండేది కాదు." నా వైపు తిరిగాడు. అరవై ఏళ్ల మనిషి చేతులు కట్టుకున్నాడు. "గిద్యోనూ, సంఘం ముందర అడుగుతున్నా. నన్ను క్షమించు."

లేచి నిలబడ్డాను. అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. ఆడవాళ్ల వైపు ఎలీషబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకు కావలసిన మాటలన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి. "నాయనా, అది ముందే అరిగి ఉండాది, నాకు తెలుసు." ఎన్నోసార్లు లోపల పలికి అరిగిపోయిన మాటలవి. అక్కడ చెప్పి ఉంటే అది కూడా సమాధానపడటమే అయ్యేది, అందుకే ఆ కూడిక. అందరూ ఆమెన్ అనేవాళ్లు.

"క్షమించినాను నాయనా" అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. క్షమించడంలో ఒక తీపి ఉంటుందని అందరూ చెప్తారు. నిజమే, ఉంది. తప్పు లేనివాణ్ణి క్షమించినప్పుడు కూడా ఉంటుంది. అది తెలిసినందుకు ఇప్పటికీ నన్ను నేను చూసుకోలేను.

మర్నాడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకున్నాం.

ఆ తర్వాత కార్ఖానాలో నాయన ఒక పలక మీద రెండుసార్లు, మూడుసార్లు చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. "సాపే అనుకుంటా, నువ్వు కూడ చూడమ్మా" అని మోసుకొచ్చిన ఆడవాళ్లనే అడిగేవాడు. బాగున్నవి వెనక్కి పంపాడు. వంకరవి దాటిపోయాయి. పలకల పెట్టెలు తిరిగి రావడంతో మేస్త్రీ ఆయన్ను పలకలు చూసే పని నుంచి తీసి, పలకల మధ్య గడ్డి పెట్టి పెట్టెలు కట్టే పనిలో వేశాడు. ఆ సంగతి ఇంటికి వచ్చి మామూలుగా చెప్పాడు. పడాల్సిన శిక్ష ఎవరో వేసినందుకు కొంచెం తేరుకున్నట్టు కూడా కనిపించాడు.

"మామను క్షమించినావు గదా" అంది ఎలీషబా ఒకనాడు అన్నం పెడుతూ. "మరి ఆయన ముఖం ఎందుకు చూడవు?"

"చూస్తున్నానే."

"యాడ చూస్తున్నావు? తప్పు చేసినోడు ఆయననా, నువ్వా అన్నట్టుండాది." అని, నేను తినడం ఆపితే, "ఊరికే అన్నాలే, తిను" అంది.

ఆరుద్ర చినుకులు పడ్డాక గౌస్ వచ్చాడు. లేతు పని ఎట్లా సాగుతోందో చూసిపోదామని రైలు దిగి నడిచి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపలే నాయన అతన్ని కొట్టంలోకి తీసుకుపోయాడు. జరిగినదంతా తనే చెప్పాడు, ఒక్క మాట దాచకుండా. "సంఘం అంతా చూస్తుండగా క్షమించినాడు సాయిబూ. ఇట్లాంటి కొడుకు ఎవరికుంటాడు?"

గౌస్ గొంతుక్కూర్చుని బెడ్డు వెంట చూశాడు. చక్కు పక్కన రెండు వేళ్లు పెట్టాడు.

"మీరు యాడ రుద్దినారు పెద్దాయనా?"

"ఆ కొసన. ఆ పక్కే గరుకు. తుప్పు మాత్రం అంతటా తుడిచినా. ఈ చక్కు పక్క అప్పటికే సాపుగా ఉండె. ఈడ రాయి ఆనించల్యా, ఎందుకు అబద్ధం చెప్పాల?"

గౌస్ తలెత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నిజం చెప్పడానికి నాకు వీలు ఇస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఎలీషబా టీ గ్లాసులు తెచ్చింది.

"తీసుకో గౌసూ, చల్లారిపోతది" అన్నాను.

అతను టీ తాగాడు. నాయన చెయ్యి పట్టుకుని, "మీది మంచి చెయ్యి పెద్దాయనా" అన్నాడు. నాయన నవ్వి ఆ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వీధి మలుపు దాకా నేను సాగనంపాను. అక్కడ గౌస్ నిలబడ్డాడు.

"నేను చెప్పినా ఆయన నమ్మడు" అన్నాడు. "నా కొడుకును తప్పు పట్టొద్దు అంటాడు. నిన్నొక్కణ్ణే నమ్ముతాడు." ఖుదా హాఫిజ్ కూడా చెప్పకుండా పోయాడు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

నేను తిరిగి వచ్చేసరికి నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడురా సాయిబు? బాగుచెయ్యొచ్చంటనా?"

"ఏమనల్యా నాయనా."

"అనకపోయినా మనం చెయ్యాల. ఊరికే కూర్చుంటే మిషను తుప్పు పడతాది. ఏదో ఒక పని పెట్టుకో, నేను తిప్పుతా." నా జవాబు కోసం ఆగకుండా గోడ అవతలికి, పందిరి కిందికి పోయాడు. చక్రం పిడి కిర్రుమంది.

కొట్టంలోకి పోయి లేతు ముందు నిలబడ్డాను. చెయ్యడానికి పనేమీ లేదు. బెల్టు బిగిసింది. చక్కు మెల్లగా కదిలి, వేగం అందుకుని, ఖాళీగా తిరగడం మొదలుపెట్టింది. గోడ మీద కొట్టి ఆపమనొచ్చు. చెయ్యి లేవలేదు.

"ఈ పొద్దు తేలిగ్గా తిరుగుతాందిరా గిద్యోనూ" అన్నాడు నాయన గోడ అవతల నుంచి, రొప్పుతూ, సంతోషంగా.

"ఊ" అన్నాను.

ఆయన ఇంకా గట్టిగా తిప్పాడు.